తీసిన పన్ను, చెప్పని మాట



గత రెండు నెలలుగా మేము ఇక్కడ ఏమీ రాయలేదు. "అయ్యగారూ, ఒంట్లో బాగుందా?" అని కొందరు ఫోను చేసి అడిగారు. ఒంట్లో బాగానే ఉంది. రాయవలసిన సంగతి ఒకటి ఉంది. అది మా తప్పుకు సంబంధించినది. అందుకే చేయి ఆడలేదు. ఈ రోజు రాస్తున్నాము. ఆ సంగతి పురానాపూల్‌లో ఒక పన్ను దగ్గర మొదలైంది.

మా సతీమణికి ఎడమవైపు కింది దవడలో నొప్పి పట్టుకుంది. మూడు వారాలు లవంగ నూనెతోనూ, ఉప్పునీళ్లతోనూ, మండల కేంద్రంలోని మెడికల్ షాపు మాత్రలతోనూ నెట్టుకొచ్చాము. పగలు ఎలాగో గడిచేది. రాత్రి పడుకుంటే చాలు, చెవి దాకా లాగేది. పంటి నొప్పి పగవాడికి కూడా వద్దని మా అమ్మ ఎందుకనేదో అప్పుడు అర్థమైంది. చివరికి ఒక సోమవారం తెల్లవారుజామున వికారాబాదు వైపు నుంచి బస్సెక్కి, మెహదీపట్నంలో దిగి, కార్వాన్ మీదుగా ఆటోలో పురానాపూల్ చేరాము. మా వదినగారి ఇల్లు అక్కడే. మా తోడల్లుడు హైకోర్టులో ఒక వకీలు దగ్గర గుమాస్తా.

పురానాపూల్ చూడనివారి కోసం రెండు మాటలు. పాత వంతెన అని ఆ పేరుకు అర్థం. 1578లో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా మూసీ మీద కట్టించాడు. అప్పటికి చార్మినారు లేదు, హైదరాబాదు నగరమే లేదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచినప్పుడు కూడా ఆ వంతెన నిలిచింది. ఇప్పుడు పక్కనే ఉన్న కొత్త వంతెన మీద బండ్లు పోతాయి. పాత వంతెన మీద కూరగాయలు అమ్ముతారు. వదినగారు ఆ రోజు పొద్దున కూడా అక్కడే కొత్తిమీర, వంకాయలు కొని, అటునుంచి అటే మమ్మల్ని పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు.

అది చిన్న దవాఖానా. దాని పేరు గాని, అక్కడి డాక్టర్ల పేర్లు గాని మేము రాయము. పొద్దున పెద్ద డాక్టరమ్మ చూసి, చిన్న ఎక్స్‌రే తీసి, "అమ్మా, ఈ పన్ను లోపలి నుంచి పుచ్చిపోయింది. నరం వైద్యం చేసి నిలబెట్టుకోవచ్చు, కానీ మూడు నాలుగు సార్లు రావాలి. తీసేస్తే ఈ రోజే అయిపోతుంది, వెనక ఇంకో పన్ను ఉంది కాబట్టి నమలడానికి అది పనికొస్తుంది" అన్నారు. అన్నిసార్లు రావడానికి వీలు లేదు, ఖర్చూ ఎక్కువ. తీసేయమన్నాము. డాక్టరమ్మ చీటీ మీద 37 అని రాసి, సాయంత్రం రమ్మన్నారు.

సాయంత్రం ఉన్నది యువ డాక్టరు. బయట బల్ల మీద పదిమంది దాకా కూర్చున్నారు. ఆయన చీటీ చూశారు, సూది మందు ఇచ్చారు, దవడ మొద్దుబారింది. పావుగంటలో పన్ను వచ్చేసింది. గుమ్మం తెర సందులోంచి మాకు ఆయన వీపు కనబడుతోంది. తీసిన పన్నును దూది గుడ్డ మీద పెట్టి, ఒకసారి తిప్పి చూశారు. మళ్లీ తిప్పారు. తర్వాత స్టూలు మీద కూర్చుండిపోయారు. కొంతసేపటికి మమ్మల్ని లోపలికి పిలిచారు.

ముఖానికున్న గుడ్డ కిందికి లాగి, ఆయన అన్న మాటలు ఇవి: "అమ్మా, సార్, నేను తీయాల్సిన పన్ను ఇది కాదు. దీని ముందుది. ఇది మంచి పన్ను. తప్పు నాది."

మేము ఏమి చేశామో దాచకుండా రాస్తున్నాము. అరిచాము. నీకు చదువు చెప్పిందెవరన్నాము. డబ్బు మీద ఉన్న శ్రద్ధ పని మీద లేదన్నాము. బయట కూర్చున్నవాళ్లు లేచి తొంగిచూశారు. సేవకుని నోట రాకూడని ఒక మాట కూడా వచ్చింది. నోట్లో దూది పెట్టుకుని ఉన్న మా సతీమణి చేయి ఎత్తి ఆగమని సైగ చేసే దాకా ఆగలేదు. ఆ యువకుడు ఒక్క మాటకు కూడా ఎదురు చెప్పలేదు.

ఆయన ఫోను చేస్తే పెద్ద డాక్టరమ్మ ఇరవై నిమిషాల్లో వచ్చారు. మొదట ఆ పన్నునే చూశారు. పొరపాటున తీసిన పన్నును వెంటనే అదే గుంటలో తిరిగి పెట్టి, పక్క పళ్లకు సన్నని తీగతో కట్టి, రెండు వారాలుంచి, తర్వాత నరం వైద్యం చేస్తే చాలాసార్లు నిలబడుతుందట. అయితే అది ఆలస్యం చేసే పని కాదు. అరగంట లోపైతే మేలు, గంట దాటితే ఆశ తగ్గిపోతుంది. మీ పిల్లలు ఆడుకుంటూ పడిపోయి ముందు పన్ను ఊడినా ఇదే మాట గుర్తుపెట్టుకోండి: వేరు భాగాన్ని ముట్టకుండా, పైభాగం పట్టుకుని, పాలలో వేసి పళ్ల డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. పాలపళ్లకు మాత్రం ఇది వర్తించదు, వాటిని తిరిగి పెట్టరు.

మా సతీమణి పన్నుకు ఆ అవకాశం లేకపోయింది. అది చివరి జ్ఞానదంతం. దాని వేళ్లు వంకర, తీసేటప్పుడు ఒక వేరు కొస విరిగింది. తిరిగి పెట్టినా నిలవదని డాక్టరమ్మ చెప్పారు. పుచ్చిన పన్ను ఇంకా నోట్లోనే ఉంది. దానినీ తీసేస్తే ఎడమవైపు కింద నమలడానికి దవడపన్నే మిగలదు. కాబట్టి ఏ వైద్యం వద్దనుకున్నామో అదే చేయాల్సి వచ్చింది. నరం వైద్యమూ, పైన తొడుగూ పైసా తీసుకోకుండా చేస్తామన్నారు. ఆ రోజు కట్టిన డబ్బు తిరిగి ఇచ్చేశారు. ఏ పన్ను తీయాలి, ఏది తీశారు, ఎందుకలా జరిగింది, ఇకమీదట ఏం చేస్తారు అనేదంతా కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం చేసి, ఎక్స్‌రేతో పాటు ఒక నకలు మా చేతికిచ్చారు.

ఇంటికొచ్చాక మా తోడల్లుడు ఆ కాగితం చదివి, "తమ్ముడూ, కేసు వెయ్యాలె. వాళ్లే రాసిచ్చిండ్రు, ఇంకేం గావాలె?" అన్నారు. ఆయన చెప్పిన సంగతులు మీకూ పనికొస్తాయి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. 2010లో మన హైదరాబాదు నుంచి వెళ్లిన కేసు ఇంకొకటి ఉంది. మలేరియా వచ్చిన భార్యకు టైఫాయిడ్ వైద్యం చేశారని ఒక భర్త వేసిన కేసు అది. నిర్లక్ష్యం నిరూపించడానికి ప్రతి కేసులోనూ ఇంకో డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పనక్కర్లేదని అందులో కోర్టు చెప్పింది. కొన్ని తప్పులు తమంతట తామే సాక్ష్యం చెబుతాయి. ఒక పన్ను తీయబోయి ఇంకొకటి తీయడం అలాంటిదే. ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంటుంది.

కేసు వేయడం అవిశ్వాసమని మేము ఎవరికీ చెప్పము. పేదవాడు నష్టపోయి ఊరుకోవడాన్ని క్షమాపణ అనుకోకూడదు. అయితే ఈ విషయంలో నిర్ణయం పన్ను పోగొట్టుకున్నామెది. ఆమె పలక మీద రాసినట్టు ఒక పాత క్యాలెండరు వెనక రాసి చూపించింది: "ఆయన దాచలేదు. దాచి ఉంటే నేనే ముందు నడిచేదాన్ని."

ఆ రాత్రి వదినగారింట్లో మేడ మీద పడుకున్నాము. నిద్ర రాలేదు. సెమినరీలో చదువుకునే రోజుల్లో నిర్గమకాండము 21వ అధ్యాయం మీద రాసిన పరీక్ష గుర్తొచ్చింది. పంటికి పన్ను అన్న మాట అందరికీ తెలుసు. దాని వెనకే ఉన్న ఇంకొక ఆజ్ఞ ఎవరూ ప్రసంగించరు. యజమాని తన దాసుని పన్ను ఊడగొడితే, ఆ పంటికి బదులుగా దాసుణ్ణి స్వతంత్రునిగా పంపివేయాలి. చిన్నవాడి పన్నుకు ధర్మశాస్త్రం కట్టిన వెల అంత పెద్దది. సంఖ్యాకాండము 5వ అధ్యాయంలో ఇంకొక వరుస ఉంది. తప్పు చేసినవాడు మొదట ఒప్పుకోవాలి, తర్వాత నష్టాన్ని పూర్తిగా చెల్లించాలి, దాని మీద అయిదో వంతు కలిపి ఇవ్వాలి. ఒప్పుకోలు, చెల్లింపు, అయిదో వంతు. ఆ యువ డాక్టరు బైబిలు చదివినవాడు కాడు. కానీ ఆ మూడూ వరుస తప్పకుండా చేశాడు. అది తోచగానే మాకు కడుపులో తిప్పినట్టయింది. ఎందుకో తర్వాత చెబుతాము.

తర్వాతి అయిదు వారాల్లో నాలుగుసార్లు పురానాపూల్ వెళ్లాము. రెండోసారి యువ డాక్టరే కాగితం మీద దవడ బొమ్మ గీసి, పొరపాటు ఎలా జరిగిందో చూపించారు. నోటిని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగంలో ముందు నుంచి వెనక్కి ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కిస్తారు. ఎడమ కింది భాగానికి అంకె 3. కాబట్టి 37 అంటే ఆ వైపు ఏడో పన్ను. మా సతీమణికి పన్నెండేళ్ల క్రితమే ఒక వైద్య శిబిరంలో ఆరో పన్ను తీసేశారు. ఆ ఖాళీలోకి ఏడోది, దాని వెంట ఎనిమిదోది మెల్లగా ముందుకు జరిగి వాలిపోయాయి. ఈయన ముందు నుంచి లెక్కపెట్టి, ఏడోదాన్ని ఆరనుకున్నారు, ఎనిమిదోదాన్ని ఏడనుకున్నారు. పుచ్చు కూడా ఆ రెండు పళ్ల మధ్య దాగి ఉంది, పైకి కనబడదు. చూపించే ఎక్స్‌రే పై గదిలో కవర్లో ఉండిపోయింది. మందు ఎక్కిన దవడ సగం మొద్దుబారింది కాబట్టి, ఏది పట్టుకున్నారో మా సతీమణికీ తెలియలేదు.

"లెక్క తప్పలేదు సార్, మొదలుపెట్టిన చోటు తప్పింది" అన్నారాయన.

ఇలాంటివి తోటి డాక్టర్లు తనతో చెప్పుకున్నవి ఇంకా కొన్ని చెప్పారు. పళ్లకు తీగలు వేయించుకునే అమ్మాయికి నాలుగో పన్ను తీయమని ఉత్తరం వస్తే అయిదోది తీసిన సంగతి ఒకటి. అవి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయట. ఎక్స్‌రే ఫిల్మును తిరగేసి పట్టుకుని కుడిని ఎడమ అనుకున్న సంగతి ఇంకొకటి. డాక్టరు రోగికి ఎదురుగా ఉంటాడు కాబట్టి ఆయన కుడి రోగికి ఎడమ. రోగి స్వయంగా చూపించినా నమ్మడానికి లేదట. పంటి లోపలి నరం నొప్పి పైదవడదో కిందిదవడదో చాలాసార్లు మనకే తెలియదు, అది అదే వైపున పైకీ కిందికీ పాకుతుంది. అంకెల పద్ధతి కూడా దేశానికొకటి. అమెరికాలో ఒకటి నుంచి ముప్పై రెండు దాకా వరసగా లెక్కిస్తారు. మన దగ్గర 18 అంటే కుడివైపు పైన జ్ఞానదంతం. వాళ్ల లెక్కలో 18 అంటే ఎడమవైపు కింద ఏడోది. అక్కడినుంచి వచ్చిన కాగితం చూసి ఇక్కడ తీస్తే ఏమవుతుందో ఆలోచించండి. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవలో తప్పు పన్ను తీయడాన్ని కొన్నేళ్లపాటు ఎన్నటికీ జరగకూడని ఘటనల జాబితాలో ఉంచి లెక్కపెట్టారట. అంత పెద్ద వ్యవస్థ జాబితా రాసుకుందంటే, అక్కడా జరుగుతూనే ఉందని అర్థం.

ఆయన చెప్పినవాటిలో ఒకటి మమ్మల్ని వదల్లేదు. ఆయనకు తెలిసిన ఒక పెద్ద డాక్టరు తప్పు పన్ను తీసి, రోగితో "రెండూ పాడయ్యాయి" అని చెప్పి, రెండోదాన్ని కూడా తీసేశాడట. ఎవరికీ తెలియలేదు. రోగి దండం పెట్టి వెళ్లాడు. ఆ డాక్టరు మాత్రం ఏడాది పాటు పన్ను తీసే పని ముట్టుకోలేదట, చేయి వణికేదట.

మేము అడిగాము: "డాక్టర్ బాబూ, మీరూ అలా చెప్పి ఉంటే మాకు తెలిసేది కాదు గదా?"

"తెలిసేది కాదు సార్. జ్ఞానదంతం కూడా పుచ్చింది, అందుకే ముందు అది తీశాను అంటే నమ్మేవాళ్లు. కానీ అమ్మ నొప్పి తగ్గదు గదా. నాలుగు రోజులకు మళ్లీ వస్తారు. అప్పుడు నాకు రెండో అబద్ధం కావాలి. తీసింది పొరపాటు సార్, అది ఒక నిమిషం. దాచిపెడితే అది రోజూ చేయాల్సిన పని."

ఆయన ఇంకొక సంగతి చెప్పారు. మన హైదరాబాదులోనే, అఫ్జల్‌గంజ్ దవాఖానాలో, నిజాం ప్రభుత్వం డబ్బుతో 1888లోనూ 1889లోనూ క్లోరోఫారం మీద పెద్ద పరీక్షలు జరిగాయి. అప్పట్లో పన్ను తీయడానికీ అదే మత్తు ఇచ్చేవారు. నడిపించినది ఎడ్వర్డ్ లారీ అనే సర్జను. క్లోరోఫారం నేరుగా గుండెను ఆపదు, ఊపిరిని గమనిస్తే చాలు, నాడి చూడనక్కర్లేదని ఆయన వాదం. వందలాది జంతువుల మీద పరీక్షించి అదే తేల్చారు. 1911లో గుడ్‌మన్ లీవీ అనే వైద్యుడు, తేలికగా ఇచ్చిన క్లోరోఫారం కూడా గుండెను హఠాత్తుగా ఆపగలదని చూపించాడు. "చదువు ఎక్కువైతే తప్పులు తగ్గుతాయి సార్, తప్పు చేయననే ధైర్యం మాత్రం పెరుగుతుంది" అన్నారు యువ డాక్టరు. మేము పాస్టర్లము. ఆ మాట మా వృత్తికి ఎంత దగ్గరో ఆయనకు తెలియదు.

ఇక మా సంగతి.

పన్నెండేళ్ల క్రితం మా సంఘంలో ఒక యువకుడు లెక్కలు చూసేవాడు. పదో తరగతి దాకా చదివాడు, అక్షరం ముత్యంలా ఉండేది. ఆ ఏడు కోత పండుగ కానుకలు 6,350 రూపాయలు కనబడలేదు. కవర్లో పెట్టి అయ్యగారి చేతికే ఇచ్చానని అతడన్నాడు. మాకు ఇవ్వలేదని మేమన్నాము. అబద్ధమాడుతున్నామని మేమనుకోలేదు. నిజంగానే మాకు గుర్తు లేదు. పెద్దల ముందు నిలబెట్టి అడిగాము. మాట మార్చలేదు కాబట్టి మొండివాడన్నాము. లెక్కల పుస్తకం తీసుకున్నాము, ఆరు నెలలు ప్రభువు బల్లకు దూరంగా ఉంచాము. అతని తల్లి మేకలు అమ్మి, ఆ 6,350 తెచ్చి, ఏమీ మాట్లాడకుండా మా బల్ల మీద పెట్టి వెళ్లింది.

ఎనిమిది నెలల తర్వాత హార్మోనియం పాడైతే తాండూరు తీసుకెళ్లి బాగుచేయించాము. పెట్టె అడుగు చెక్క కింద నుంచి బాగుచేసే ఆయన ఒక కవరు తీసి మా చేతికిచ్చాడు. దాని మీద ఆ ముత్యాల అక్షరాలతో కోత పండుగ అని, తేదీ, మొత్తం రాసి ఉంది. పండుగ రోజు వాన వస్తుంటే హడావుడిగా హార్మోనియం సర్దుతూ మేమే అందులో పెట్టాము. అప్పుడంతా గుర్తొచ్చింది.

ఆ ఆదివారం సంఘంలో మేము చెప్పిన మాట ఇది: "దేవుని కృప వల్ల కోత పండుగ లెక్క సరిపోయింది." ఆమేన్ అన్నారందరూ. పుస్తకం మూసేశాము. మేకల డబ్బును ఒక విశ్వాసురాలి కానుకగా రేకుల ఖాతాలో రాసుకున్నాము. ఆమె అప్పటికే గుడికి రావడం మానేసింది. కొడుకూ మానేశాడు. వారు చల్లబడిపోయారని మేమే ప్రార్థన చేయించాము.

కవరు మరచిపోవడం పొరపాటు. అది ఎవరికైనా జరుగుతుంది. ఆ ఆదివారం చెప్పిన మాట పొరపాటు కాదు. ఆ రెండింటి మధ్య తేడాను పన్నెండేళ్లు మేము చూడలేదు. అడిగినవాళ్లు లేరు కాబట్టి చూడనక్కర్లేకపోయింది. పురానాపూల్‌లో మేము అరిచినప్పుడు తలవంచుకుని నిలబడిన ఆ కుర్రవాడి ముఖం, పెద్దల ముందు నిలబడిన ఈ కుర్రవాడి ముఖమూ ఒకేలా తోచాయి. ఇద్దరి మీదా అరిచింది మేమే. ఒకడు తప్పు చేసి ఒప్పుకున్నాడు, ఇంకొకడు తప్పే చేయలేదు.

నాలుగోసారి వెళ్లొచ్చిన మర్నాడు 6,350కి అయిదో వంతు 1,270 కలిపి, 7,620 రూపాయలు తీసుకుని, మా సతీమణితో కలిసి అతని దగ్గరికి వెళ్లాము. ఇప్పుడతనికి మండల కేంద్రంలో టెంట్ హౌస్, మైకు సెట్ల దుకాణం ఉంది. కుర్చీలు వేశాడు, చాయ్ తెప్పించాడు. మేము అంతా చెప్పాము. తల వంచుకుని వైరు చుడుతూనే విన్నాడు.

"నాకు ఎప్పుడో ఎరుకే అయ్యగారూ. హార్మోనియం బాగుచేసిన తాతనే నా మైకులు గూడ బాగుచేస్తడు. కవరు సంగతి ఆయనే చెప్పిండు."

"మరి ఎందుకు అడగలేదు?"

"మీరు చెప్తరని చూసిన. అమ్మ పోయిన నాడు మీరొచ్చిండ్రు. మట్టి దగ్గర ప్రార్థన జేసిండ్రు. గప్పుడన్న చెప్తరనుకున్న."

మేము ఏమీ మాట్లాడలేకపోయాము. ఆమె చనిపోయి నాలుగేళ్లు. కొడుకు దొంగ కాడని ఆమెకు తెలుసు, కానీ ఊరి ముందు ఆ మాట వినకుండానే పోయింది. ఆలస్యమైతే పన్ను నిలవనట్టే, కొన్నింటికి గడువు దాటిపోతుంది. డబ్బు ముందు పెట్టాము. తీసుకోడేమో అనుకున్నాము. తీసుకున్నాడు. లెక్కపెట్టాడు. బిల్లు పుస్తకం తెరిచి, అవే ముత్యాల అక్షరాలతో రసీదు రాసి, చింపి, మా చేతికిచ్చాడు. ఆనాడు మేము అతనికి ఇవ్వని కాగితం అది.

లేవబోతుంటే అన్నాడు: "నాకు జెప్పుడు కాదు అయ్యగారూ. యాడ నిలబెట్టి అడిగిండ్రో ఆడనే చెప్పుర్రి."

తర్వాతి ఆదివారం ప్రసంగం చేయలేదు. పన్నెండేళ్ల క్రితం ఏం జరిగిందో, కవరు ఎక్కడ దొరికిందో, ఆ రోజు ఏ మాటతో కప్పేశామో పేర్లతో సహా సంఘం ముందు చెప్పాము. రేకుల ఖాతాలో ఆ పద్దు కొట్టివేసి, నిజమైన పద్దు రాసి, పెద్దల సంతకాలు తీసుకున్నాము. ఒక పెద్దమనిషి బయటికి వెళ్లిపోయాడు. ఒక తల్లి ఏడ్చింది. ఇద్దరు ముగ్గురు "ఇంకెన్ని ఉన్నాయో" అన్నారు. ఆ మాట అనడానికి వారికి హక్కుంది. అతడు రాలేదు. అతని భార్య, కూతురు వచ్చి చివరి వరసలో కూర్చున్నారు.

మూడు వారాల తర్వాత ఒక శనివారం సాయంత్రం అతడే వచ్చాడు. మా మైకు ఈల వేస్తోందని భార్య చెప్పిందట. విప్పి, బాగుచేసి, ఒకటి రెండు మూడు అని పలికి చూసి వెళ్లిపోయాడు. డబ్బు తీసుకున్నాడు, మాకు సంతోషమైంది. ఆదివారం వస్తావా అని మేము అడగలేదు. ఆ నిర్ణయం అతనిది.

మా సతీమణి పంటికి తొడుగు వేశారు. ఎడమవైపు నములుతోంది. ఆఖరిసారి వెళ్లినప్పుడు ఆ యువ డాక్టరుకు మేము క్షమాపణ చెప్పాము, ఆ రోజు అన్న మాటలకు. ఆయన నవ్వి, ఇప్పుడు పన్ను తీసే ముందు ఏం చేస్తున్నారో చూపించారు. ఎక్స్‌రే ఎదురుగా గోడకు పెట్టారు. చీటీలో అంకెతో పాటు మాటల్లో కూడా రాస్తున్నారు. సూది మందుకు ముందే రోగి చేతికి అద్దం ఇచ్చి, వేలితో చూపించమంటున్నారు. పటకారు పట్టే ముందు సహాయకురాలు చీటీ బయటికి చదువుతుంది, ఆయన ముందు నుంచీ వెనక నుంచీ రెండుసార్లు లెక్కపెడతారు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్లకు ముందు పైకి చదవాలని ఇలాంటి జాబితానే తయారుచేసింది. ఎంత పెద్ద సర్జనైనా రోగి పేరు, చేసే చోటు పైకి చెప్పాలి. ఇది అనుమానం కాదు, వినయం.

ప్రియులారా, మీరు పన్ను తీయించుకోవడానికి వెళితే సిగ్గుపడకుండా అద్దం అడగండి, ఏ పన్నో మీ వేలితో చూపించండి, ఎక్స్‌రే మీద కూడా చూపించమనండి. ఇంతకుముందు పోయిన పళ్లేమైనా ఉంటే ముందే చెప్పండి. పొరపాటు జరిగితే కాగితం మీద రాసివ్వమని అడగండి.

ఒకవేళ మీరే ఎవరిదైనా తప్పు పన్ను తీసినవారైతే, అంటే ఇంట్లో, బడిలో, సంఘంలో, తప్పు మనిషిని పట్టి శిక్షించినవారైతే, అరగంటలోనే చెప్పండి. అరగంట దాటిపోతే ఈ రోజు చెప్పండి. పన్నెండేళ్లు దాటినా చెప్పండి. కానీ అప్పటికి వినవలసినవారిలో ఒకరు మట్టిలో ఉండవచ్చు.

ఆ రసీదు మా బల్ల సొరుగులో ఉంది. దాని పక్కనే దూదిలో చుట్టిన ఆ మంచి పన్ను. లెక్కల పుస్తకం తీసిన ప్రతిసారీ రెండూ కనబడతాయి.

మా కోసం, ఆ కుటుంబం కోసం ప్రార్థించండి. ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.